గేదె కన్నా పాక ఖరీదు కాకూడదు

ఊళ్ళో ఎవరైనా కొత్తగా గొడ్లపాక వేస్తున్నారంటే ఇవాళ మొదట కబురు వెళ్ళేది పాక కప్పే మనిషికి కాదు, వెల్డింగు షాపుకి. ఇనప గొట్టాలు, రంగు రేకులు, అడుగున నున్నటి సిమెంటు గచ్చు, ముందు గ్రిల్లు తలుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే రెండెకరాలు, రెండు గేదెలు ఉన్న రైతు ఇలాంటి షెడ్డు వేసి చివర లెక్క చూసుకుంటే, లోపల కట్టేసిన గేదెల ఖరీదు కన్నా పైనున్న షెడ్డు ఖరీదే ఎక్కువవుతోంది. ఇది తిరగబడ్డ లెక్క అని నా అభిప్రాయం. పాలిచ్చేది గేదె. షెడ్డు పాలివ్వదు.

అప్పు లేకుండా వేసుకునేవాళ్ళతో పేచీ లేదు. చేతిలో డబ్బుంటే ఇనుమే వేసుకోవచ్చు, మన్నిక ఉంటుంది. బాధల్లా నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చి షెడ్డు వేసేవాళ్ళ గురించే. లక్ష రూపాయలు తెస్తే నెలకి 2 వేలు వడ్డీ. పాలు లీటరు 50 రూపాయలనుకున్నా 40 లీటర్లు వడ్డీ కిందకే పోతాయి. పూటకి 3 లీటర్లిచ్చే గేదె అయితే అది దాదాపు వారం రోజుల పాలు. మిగిలిన దాంట్లోంచే తవుడు, చెక్క, పచ్చిమేత, మందులు. పైగా గేదె ఏడాదిలో కొన్ని నెలలు వట్టిపోతుంది. వడ్డీ వట్టిపోదు. షెడ్డు కోసం చేసిన అప్పు తీర్చడానికి ఆఖరికి గేదెనే సంతకి తోలిన ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. ఆ షెడ్లలో ఇప్పుడు మోటారు సైకిళ్ళు పెట్టుకుంటున్నారు.

అసలు గొడ్డుకి కావలసిందేమిటి? పొడి నేల, నీడ, గాలి, నోటికందే దూరంలో నీళ్ళు. గోడలు అడగదు, గ్రిల్లు అడగదు. పశుపోషణ శాస్త్రం చెప్పే కొలతలు కూడా పెద్దవేమీ కావు. గేదెకి కప్పు కింద 4 చదరపు మీటర్లు, ఆవుకి మూడున్నర, దూడకి ఒకటి ఉంటే చాలు. తిరగడానికి ఆరుబయట దానికి రెట్టింపు జాగా వదిలితే మంచిది. 4 చదరపు మీటర్లంటే మన లెక్కలో 43 చదరపు అడుగులు. అంతే.

రెండు గేదెలు, వాటి దూడలు ఉన్న ఇంటికి 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు పాక సరిపోతుంది. వెడల్పు లెక్క ఇలా వేసుకోవచ్చు. గాడికి రెండున్నర అడుగులు, గేదె నిలబడడానికి అయిదున్నర, వెనక మూత్రం కాలువకి ఒకటి, మనిషి పేడ తీసుకుంటూ నడవడానికి మూడు. మొత్తం 12. పొడవులో గేదెకి 4 అడుగుల చొప్పున 8, దూడలకి 4, మిగతా 3 అడుగుల్లో తవుడు బస్తా, కుడితి తొట్టి, పలుగూ పారా. గుంజలు రెండు పక్కలా మూడేసి, నడుమ వెన్నుకి మూడు, మొత్తం తొమ్మిది. నడిమి నిట్రాటని పొడవులో 8 అడుగుల దగ్గర పాతితే అది సరిగ్గా గేదెకీ దూడలకీ మధ్య వస్తుంది. అడ్డమూ కాదు, పైగా దూడ తాడు కట్టుకోవడానికి పనికొస్తుంది. చూరు దగ్గర ఎత్తు ఆరున్నర అడుగులు, వెన్ను దగ్గర 11 అడుగులు పెడితే తాటాకుకి కావలసిన వాలు దొరుకుతుంది. వాలు తగ్గితే నీళ్ళు జారవు, ఆకు కుళ్ళుతుంది. చూరు గుంజల అవతలికి రెండడుగులు దిగాలి. వంగి లోపలికి పోవాల్సి వస్తుందని కొందరు విసుక్కుంటారుగాని, ఆ వంగిన చూరే జల్లుని ఆపుతుంది.

పాక పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా ఉంటే ఎండ పక్కల నుంచి లోపలికి తక్కువ దూరుతుంది. మన దగ్గర వేసవిలో చంపేది పడమటి ఎండ. అందుకని పడమటి కొసకి ఒక తాటాకు దడి కట్టి, బయట నాలుగు అవిసె మొక్కలో గిరిపుష్పం కొమ్మలో నాటుకుంటే నీడకి నీడ, మేతకి మేత. ఉత్తరం, దక్షిణం వదిలేయండి. చలికాలం గోనె పట్టాలు వేలాడదీస్తే చాలు. చుట్టూ గోడ కట్టి చిన్న కిటికీ పెట్టిన కొట్టాల్లో కళ్ళు మండే వాసన వస్తుందే, అది మూత్రం నుంచి లేచే అమ్మోనియా. మనకి అయిదు నిమిషాలు ఉంటేనే దగ్గొస్తుంది, గొడ్డు రాత్రంతా అక్కడే ఉంటుంది.

ఇక కప్పు దగ్గరకొద్దాం. అసలు గొడవంతా అక్కడే. రేకు వేడెక్కుతుంది. గేదె చర్మం నలుపు, ఆవు కన్నా చెమట గ్రంథులు తక్కువ, కాబట్టి ఒంట్లో వేడి బయటికి పంపుకోవడం దానికి కష్టం. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద మధ్యాహ్నం కట్టేసిన గేదె నాలుక బయటపెట్టి రొప్పుతుంటుంది. మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, ఎదకి వచ్చినా తెలియదు. ఆ నష్టాన్ని ఎవరూ షెడ్డు ఖర్చులో కలపరు. పల్చటి రేకు తక్కువకొచ్చిందని 7 అడుగుల ఎత్తున బిగించడం కన్నా అన్యాయం లేదు. రేకే వేయాలనుకుంటే చూరు 9, 10 అడుగుల ఎత్తున పెట్టండి. ఏటా మార్చిలో పైన చిక్కటి సున్నం, కాస్త జిగురు కలిపి పూయండి. లేదా రేకు మీద వరిగడ్డో తాటాకో పరిచి తాడుతో బిగించండి. పాక మూలన ఆనపపాదు పెట్టి పైకి పాకించే ఆడవాళ్ళని చూసి నవ్వేవాళ్ళున్నారు. శాస్త్రవేత్త చెప్పేదీ అదే. మూత్రం కాలువ పక్కన వేసిన ఆ పాదుకి వేరే ఎరువు కూడా అక్కర్లేదు.

సిమెంటు రేకు ఇనప రేకు కన్నా కాస్త చల్లన. అయితే అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాన్ని కోసేటప్పుడు, పగిలినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. పగిలిన ముక్కల్ని పొడి చేసి దోవలో పోసి తొక్కడం మన ఊళ్ళలో మామూలైపోయింది. అది మానాలి.

పెంకు మంచిదే. మా తాతల నాటి చావిళ్ళన్నీ పెంకువే. కానీ కోతులు! కొండలకి దగ్గరున్న ఊళ్ళలో పెంకుటిళ్ళు రేకుటిళ్ళు కావడానికి సగం కారణం వాటి గంతులే. వారానికి పది పెంకులు పగిలితే ఎవరు మార్చగలరు? కోతుల బెడద లేని ఊళ్ళో పాత ఇల్లు పడగొడుతుంటే మాత్రం పెంకులు, దూలాలు అడిగి తెచ్చుకోండి. కొత్తవాటి కన్నా బాగా చవగ్గా వస్తాయి, పైగా పాత టేకు దూలం ముందు ఇవాళ్టి కర్ర ఎందుకూ పనికిరాదు.

తాటాకు విషయంలో ఒక నిజం చెప్పుకోవాలి. అది చల్లనిది, మన చేలగట్ల మీదే పెరుగుతుంది, అన్నీ సరే. రెండు మూడేళ్ళకోసారి తిరగ కప్పాలి. కప్పే పని తెలిసినవాళ్ళు ఊరికి ఒకరిద్దరు మిగిలారు, వాళ్ళకీ వయసు మీదపడింది. చేలగట్ల మీది తాళ్ళు కూడా ఏటా తగ్గుతున్నాయి. కాబట్టి తాటాకు అందరికీ చవక అని నేను అనను. చెట్టు సొంతమై, ఇంట్లో ఇద్దరు మనుషులు పనికి వంగగలిగితే చవక. ఆకు కొని, బండికి కిరాయిచ్చి, కూలీకిచ్చి కప్పిస్తే, పదేళ్ళ లెక్కలో రేకుకి దగ్గర దగ్గరగా వచ్చేస్తుంది. ఎవరి లెక్క వాళ్ళు కాగితం మీద వేసుకోవాలి. పక్కింటాయన షెడ్డు చూసి కాదు.

గుంజలకి సర్వీ బాదులు, జామాయిల్ కర్రలు సులువుగా దొరుకుతాయి. వీటి జబ్బు ఒకటే, భూమి దగ్గర చివికిపోవడం, చెదలు పట్టడం. పాతిపెట్టే భాగాన్ని, పైన మరో అడుగుదాకా, సన్నటి మంట మీద తిప్పి పైపొర మాడ్చి తారు పూస్తే కొన్నేళ్ళు అదనంగా నిలుస్తుంది. వెదురైతే పచ్చిదాన్ని కొన్ని వారాలు చెరువు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలని పెద్దలు చెప్పేవారు. అందులో మర్మముంది. వెదురులోని పిండిపదార్థం నీళ్ళలోకి దిగిపోతుంది, పుచ్చు పురుగుకి తిండి ఉండదు. మెట్ట ప్రాంతాల్లో, రాయి దొరికే చోట అయితే గుంజలుగా రాతి కూసాలే పాతుకుంటున్నారు. అది ఒక్కసారి పెట్టే ఖర్చు. మనవడి కాలానికీ ఉంటుంది.

డెల్టాలో నల్లరేగడి నేలలున్నవాళ్ళు గోడల మోజు మరీ తగ్గించుకోవాలి. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతు లేకుండా కట్టిన ఇటుక గోడ రెండో ఏటికే చీలుతుంది. గుంజల మీద నిలబడే పాకకి ఆ బాధ లేదు. అదే డబ్బు నేల ఎత్తు చేయడానికి పెట్టండి. చుట్టుపక్కల మట్టం కన్నా అడుగున్నర ఎత్తు, కింద ఇటుక ముక్కలు, గ్రావెలు వేసి దిమ్మిస కొట్టి, పైన పల్నాటి నాపరాళ్ళు గరుకు మొహం పైకి వచ్చేట్టు పరిస్తే అది చాలు. ప్రతి 40 అంగుళాలకి ఒక అంగుళం వాలు కాలువ వైపు ఉండాలి. నున్నటి సిమెంటు గచ్చు వద్దు. చూడు గేదె దాని మీద జారి కాళ్ళు బారజాపితే తిరిగి లేవడం కష్టం. సిమెంటే వేస్తే తడి మీద ఉండగానే చీపురుతోనో తాడుతోనో గీతలు పెట్టించండి.

ఆ కాలువ చివర ఒక గుంట, అందులో ఒక తొట్టి. పశువు విసర్జించే నత్రజనిలో సుమారు సగం మూత్రంలోనే పోతుంది. మట్టి నేల కొట్టంలో అది అక్కడే ఇంకిపోతోంది, మనమేమో సొసైటీ ముందు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడుతున్నాం. ఎకరానికి సరిపడే 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం చాలంటున్నారు. అది పట్టుకోవడానికి కావలసింది వాలున్న నేల, అడుగు వెడల్పు కాలువ. షెడ్డులో పెట్టే డబ్బులో నాకు తెలిసి తిరిగి వచ్చే డబ్బు ఇదొక్కటే.

గాలివానల సంగతి మన కోస్తా వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను, 1996 నవంబరు కోనసీమ తుపాను, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. ప్రతిసారీ ఒకటే కథ. కప్పుని కిందికి నొక్కేది కాదు గాలి, లోపల దూరి పైకి లేపుతుంది. బరువు ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు. గుంజ మూడడుగులు లోపలికి దిగాలి. గుంజకి దూలం, దూలానికి వాసం, వాసానికి కప్పు, ప్రతి కీలు దగ్గరా తీగతో కట్టు పడాలి. మూలల్లో ఏటవాలు కర్ర ఉండాలి. రేకులకి మేకులు కాకుండా కొక్కెం బోల్టులు వేయించండి. ఊడిన రేకు గాలిలో కత్తి లాంటిది. తాటాకు పాకల మీద జాలర్ల పాత వలలు పరిచి నాలుగు వైపులా గూటాలకి కట్టే పద్ధతి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉంది. రూపాయి ఖర్చు లేని విద్య అది. తుపాను కబురు వచ్చిన రాత్రి మాత్రం పలుపులు విప్పేయండి. కట్టుగొయ్యకి కట్టి ఉన్న గొడ్డు ఈదలేదు. పిడుగుల వేళ పాకలోకి వెళ్ళి నిలబడితే క్షేమమనుకోవద్దు. నాలుగు వైపులా తెరిచున్న పాక పిడుగుని ఆపదు.

నిప్పు సంగతి ఇంకా భయం. మన పాకలు తగలబడేది ఎక్కువగా దోమల పొగ వల్లా, బీడీ ముక్క వల్లా. సాయంత్రం వేపాకు, పిడకలు రాజేసి పొగ వేసి మనం ఇంట్లోకి పోతాం. అర్ధరాత్రి గాలి తిరుగుతుంది. కట్టేసిన జీవాలు అరవడం తప్ప ఏమీ చేయలేవు. పొగ వేస్తే పాత ఇనప బాల్చీలో వేసి, పాక బయట గాలి వచ్చే వైపు పెట్టి, ఆరిపోయేదాకా ఒక మనిషి ఉండాలి. దోమతెర లాంటి వల చుట్టూ కట్టుకోవడం ఇంకా నయం. గడ్డివామి పాకని ఆనుకుని వేయకండి, కనీసం 30 అడుగుల దూరం ఉండాలి. జాగా లేదంటారు. లేకపోతే వామి చేలో ఉండనివ్వండి, రోజూ రెండు మోపులు తెచ్చుకోవచ్చు.

వామి అంటే గుర్తొచ్చింది. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి చుట్టలుగా వస్తోంది. చేత్తో వేసిన వామి వానకి తడిసినా పై నాలుగు అంగుళాలు తప్ప లోపలికి చెమ్మ దిగేది కాదు. మిషను చుట్టలు నీళ్ళు పీల్చి బూజు పడుతున్నాయి. అందుకే గడ్డికి కూడా కప్పు కావలసి వచ్చింది. దానికీ షెడ్డు వేయాలా? అక్కర్లేదు. అడుగున మొద్దులు పరిచి, పైన మందపాటి పరదా వాలుగా కట్టి, పక్కలు గాలికి వదిలేస్తే సరిపోతుంది. నాలుగు పక్కలా మూసి కడితే లోపలి ఆవిరికే గడ్డి పాడవుతుంది.

ఇంకో మాట. పాక కొలతలు మగవాళ్ళు అరుగు మీద కూర్చుని తేలుస్తారు. పేడ తీసేది, గాడిలో మేత వేసేది, తెల్లారకముందే పాలు పితికేది ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళు. కుడితి తొట్టి ఎక్కడుండాలో, దీపం ఎక్కడ వెలగాలో, పేడతట్ట ఎత్తుకుని ఎటు నడవాలో వాళ్ళకి తెలిసినంతగా మేస్త్రీకి తెలియదు. ముగ్గు పోసే రోజున వాళ్ళని నిలబెట్టి అడగండి. నడుము నొప్పులు సగం తగ్గుతాయి.

కౌలు రైతుల గురించి ఎవరూ రాయరు. వచ్చే ఏడు ఆ చేను తనకి ఉంటుందో లేదో తెలియని మనిషి సిమెంటు ఎందుకు పోయాలి? వాళ్ళకి పనికొచ్చేది విప్పి మళ్ళీ వేసుకునే పాక. బోల్టులు, తీగ కట్లు, పైన నాలుగు రేకులో పరదానో. ఒక ట్రాక్టరు ట్రక్కులో పట్టేంత సామాను. గుంజ పాతే ముందే భూమి ఆసామితో ఒక మాట, వీలైతే ఒక కాగితం రాసుకోవడం మంచిది. ‘‘పాక వేశావు కాబట్టి అది నాదే’’ అన్న ఆసాములూ ఉన్నారు.

సబ్సిడీ మాటేమిటని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024, 2025లలో ఉపాధి హామీ నిధులతో మినీ గోకులాలు కట్టించారు. రైతు వాటా 10 శాతం. మంచి పనే, కాదనను. అయితే ఇలాంటి పథకాల్లో నమూనా ఒకటే ఉంటుంది. తీరంలో ఉప్పుగాలికి తుప్పు పట్టే ఊరికీ, మెట్టలో రాయి దొరికే ఊరికీ అదే అంచనా, అవే సామాన్లు. తాటాకుకి, పెంకుకి, రాతి కూసానికి అంచనాలో చోటుండదు. బిల్లు వచ్చేదాకా రైతే చేతి డబ్బు పెట్టాల్సి వస్తే, ఆ డబ్బు మళ్ళీ 2 రూపాయల వడ్డీదే. స్థానికంగా దొరికే సామానుతో కట్టుకున్నవాళ్ళకీ అదే సాయం అందేట్టు నిబంధనలు మార్చాలి. మీ మండలంలో ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో, సొమ్ము ఎన్ని విడతల్లో వస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకుని గాని పునాది తవ్వకండి.

మేకలకీ కోళ్ళకీ ఇంకా తక్కువలో పోతుంది. మేకకి ఒక చదరపు మీటరు. నేల మీద నాలుగడుగుల ఎత్తున వెదురు బద్దల మంచె వేస్తే పెంటికలు కిందపడతాయి, కాళ్ళ జబ్బులు, పొట్ట పురుగులు తగ్గుతాయి. బద్దల మధ్య సందు పెంటిక పడేంత, గిట్ట ఇరుక్కోనంత. పెరటి కోళ్ళకి రాత్రి గూడు చాలు, కోడికి చదరపు అడుగు, రెండడుగుల ఎత్తు కాళ్ళ మీద, ముంగిస దూరని వల.

చేలో మోటారు దగ్గర పనిముట్లకి చిన్న గది కావాలంటే, 6 అడుగులకి 8 సరిపోతుంది. విద్యుత్తు లైను కింద కట్టకండి. దీనికి గోడ తప్పదు, దొంగల భయం. కేరళలో చవక ఇళ్ళు కట్టిన లారీ బేకర్ ఇటుకల్ని నిలువుగా, మధ్యలో బోలు వదిలి పేర్చే పద్ధతిని బాగా వాడారు. ఎలుకబోను కట్టుబడి అంటారు. ఇటుకల్లో సుమారు పాతిక శాతం ఆదా, లోపల చల్లన. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఇలాంటి చవక కట్టడాల నమూనాలు కట్టి పెట్టారు. మేస్త్రీని ఒకసారి తీసుకెళ్ళి చూపించవచ్చు.

ఆ గదిలో యూరియా బస్తాలు చెక్కల మీద ఉండాలి, విత్తనాలకి దూరంగా. పురుగుమందులు మాత్రం విడిగా, తాళం వేసే పెట్టెలో, తాళంచెవి ఇంకొకరి దగ్గర. చూరులో దోపిన డబ్బా పిల్లల చేతికి అందుతుంది. కోపంలోనో దుఃఖంలోనో ఉన్న మనిషి చేతికీ అందుతుంది. ఆ క్షణం గడిచిపోతే బతికేవాళ్ళు ఎందరో. ఇనప పెట్టె లేకపోతే పాత ట్రంకు పెట్టె చాలు.

తాటాకు పాక వేయదలుచుకున్నవాళ్ళు ఫాల్గుణం, చైత్రం నెలల్లోనే ఆకు కొట్టించండి. కొట్టిన ఆకుని ఒకదాని మీద ఒకటి పరిచి, పైన మొద్దులు బరువు పెట్టి చదును కానివ్వాలి. పచ్చిగా కప్పితే ముడుచుకుని సందులిస్తుంది. కప్పే మనిషికి ఇప్పుడే కబురు చెప్పి పెట్టుకోండి, మృగశిర కార్తె దగ్గరపడ్డాక అతను ఎవరికీ దొరకడు.